తిరుగుడు పుస్తకంలో నాలుగు సంతకాలు

మధ్యాహ్నం పన్నెండు దాటితే కమలాక్షి ఈ లోకంలో ఉండదు. ఈ మాట అన్నది ఆమె అత్త వెంకటమ్మ. అందులో అబద్ధమేమీ లేదు. తెల్లారకముందే పాల సెంటరుకు పోయి, వచ్చినవాళ్ల పాలల్లో లాక్టోమీటరు వదిలి, అది ఎక్కడ తేలిందో వంగి చూసి, నీళ్లు కలిపినవాళ్లతో వాదించి, ఇంటికొచ్చి వండి వార్చిన మనిషి పన్నెండు దాటాక కిటికీ దగ్గర కూర్చుంటుంది. ముందు వెడల్పాటి స్టీలు తట్ట, అందులో గోరువెచ్చటి నీళ్లు, నీళ్లలో కవర్ల మీది నుంచి కత్తిరించుకున్న స్టాంపు ముక్కలు. ఇక పిలిచినా పలకదు.

కాసేపటికి కాగితం నుంచి స్టాంపు తనంతట తానే విడిపోతుంది. లాగకూడదు, తొందరపెట్టకూడదు. హంగేరీ సీతాకోకచిలుక ఒకటి, పోలండు ఓడ ఒకటి మెల్లగా విడివడి నీళ్ల మీద తిరుగుతుంటే, ఆ దేశాల్లో ఇప్పుడు ఎండగా ఉందా, ముసురుగా ఉందా అని ఆమెకు ఆలోచన. అక్కడ పాలు పోసే ఆడవాళ్లు ఎన్నింటికి లేస్తారో, వాళ్లకూ నీళ్ల గొడవలుంటాయో లేదో. పలమనేరు దాటి పోయింది పట్టుమని పదిసార్లు లేని కమలాక్షికి ప్రపంచమంతా ఆ తట్టలో తేలుతూ కనబడేది. అంతకంటే ఎక్కువ ప్రపంచం కావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

తొంభై నాలుగు సెప్టెంబరు ఆఖరులో మాత్రం తట్ట ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. సూరతులో ప్లేగు వచ్చింది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని రైళ్లెక్కుతున్న జనం ఫొటోలు రోజూ పేపర్లో పడుతున్నాయి. పుంగనూరు మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు అయిపోయాయి. ఎవరింటి అటక మీద ఎలుక చచ్చినా వీధంతా కదిలొచ్చి చూసిపోతోంది. సూరతెక్కడ పుంగనూరెక్కడ అని నవ్వినవాళ్లు కూడా ఇంటికి పోయి బియ్యం బస్తాల వెనక చీపురు పెట్టి పొడిచి చూసుకున్నారు.

ఆ బుధవారం సదుం బస్సు కండక్టరు తిరుగుడు పుస్తకం తెచ్చి ఇచ్చిపోయాడు.

తిరుగుడు పుస్తకమంటే అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు. స్టాంపులు పోగుచేసే అయిదుగురి మధ్య ఎనిమిదేళ్లుగా తిరుగుతోంది. మదనపల్లెలో నోటుపుస్తకాల అంగడి పెట్టుకున్న వెంకటరమణప్ప దగ్గర బయల్దేరి, అదే ఊళ్లో సైన్సు అయ్యవారుగా రిటైరైన భీమరావు దగ్గరికి, అక్కణ్ణించి సదుంలో సేద్యం చేసుకునే రెడ్డెప్ప దగ్గరికి, తర్వాత పుంగనూరు కమలాక్షికి, ఆమె నుంచి కుప్పం రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేసే దాసప్పకు చేరి, మళ్లీ మదనపల్లె పోతుంది. నెలకొక చుట్టు. తమ దగ్గర రెండోది ఉన్న స్టాంపును ఎవరి పేజీల్లో వాళ్లు అంటిస్తారు, కావలసినవాళ్లు అది తీసుకుని బదులుగా ఇంకోటి విడిగా కవరులో వేసి పెడతారు. పుస్తకం వెనక పేజీలు కబుర్లకు. ఈ అయిదుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నది ఎనిమిదేళ్లలో మూడుసార్లే. అయినా రెడ్డెప్ప నడుం నొప్పి సంగతీ, భీమరావుగారికి శుక్లాలు తీసిన సంగతీ అందరికీ తెలుసు.

పుస్తకంలో స్టాంపు అంటించడానికి హింజి అనే చిన్న కాగితం ముక్క కావాలి. గోరంత ఉంటుంది, ఒక వైపు జిగురు. దాన్ని మడిచి, నాలుకతో ఒకసారి తడిపి, సగం స్టాంపు వీపుకు, సగం పేజీకి అంటించాలి. స్టాంపులవాళ్లంతా చేసే పనే ఇది. కమలాక్షి కూడా హంగేరీ సీతాకోకచిలుకను తన పేజీలో పెడదామని హింజి ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుని, ఇంకో చేత్తో వెనక పేజీలు తిప్పింది.

పేజీల నిండా ప్లేగే. భీమరావుగారు ఎర్ర సిరాతో గీతలు కొట్టి రెండు పేజీల పాఠం రాశారు. ఎలుకల ఒంటి మీది పురుగు వల్ల ఒక రకం, మనిషి దగ్గు తుంపర్ల వల్ల ఇంకో రకం, రెండోది ప్రమాదం, నీళ్లు కాచి తాగండి అని. దాని కింద రెడ్డెప్ప, మా చేనులో ఎలకలకు చెనిక్కాయ బుడ్డలు బాగా దొరుకుతాండాయి, అవి సూరతుకు యాల పోతాయి, మీరు దిగులు పెట్టుకోవద్దండి అని రాశాడు. విదేశాలవాళ్లు మన దేశం ఉత్తరాలు ముట్టుకోవడం లేదట, పెన్‌ఫ్రెండ్లు ఇక జవాబు రాస్తారా అని వెంకటరమణప్ప బెంగ. కమలాక్షి నవ్వుకుంటూ చదువుతోంది. పేజీ తిప్పితే వెంకటరమణప్ప గుండ్రటి అక్షరాలతో మళ్లీ కనిపించాడు. ఈసారి పైన తీర్మానం అని రాసి ఉంది.

కుప్పం రైలు దారిలో ఉన్న ఊరు, ఏ ఊరి జనమైనా అక్కడ దిగుతారు. దాసప్ప పని వచ్చేపోయే మూటల మధ్య. ఆయన నాలుక తడి చేసిన హింజీలు మన అందరి చేతుల్లోకీ వస్తాయి. కాబట్టి జబ్బు సద్దుమణిగేదాకా పుస్తకం కుప్పం పోకూడదు, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం. దాసప్ప పేజీల్లో ఉన్న స్టాంపులు తీసి ఆయనకు పంపేయడం మంచిది. కుప్పానికి పుస్తకం పంపేది కమలాక్షి గనుక ఆ పని కమలాక్షి చేయాలి. ఇదీ తీర్మానం. కింద స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి ఉన్నాయి. మూడింటి మీద సంతకాలు పడి ఉన్నాయి. చేలో ఎలుకల గురించి అంత నిబ్బరంగా రాసిన రెడ్డెప్ప కూడా పెట్టాడు.

ఆమె నాలుక మీది హింజి ఎప్పుడో మెత్తబడి పోయింది. తీసి కిటికీలోంచి పారేసింది.

భయం లేదని ఎట్లా అంటుంది. పాల సెంటరులో సూపర్‌వైజరు ఎవరికి తుమ్ము వచ్చినా ఇంటికి పొమ్మంటున్నాడు. తన చేతుల మీదుగా పోయే పాలు రెండు వందల ఇళ్లలో కాగుతాయి. ఇంత ఆలోచించాక సంతకం పెట్టడం న్యాయమే అనిపించింది. కానీ దాసప్ప నాలుక అన్న మాట దగ్గర కొంగుతో పెదవులు తుడుచుకుంది. అది ప్లేగు భయమేనా, అంతకంటే పాతదా అని తరచి చూసుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఎనిమిదేళ్లుగా రెడ్డెప్ప నాలుకా, భీమరావుగారి నాలుకా ఆమెకు గుర్తు రాలేదు. కమలాక్షి నాలుగో గీత మీద సంతకం పెట్టింది. పాల శాంపిలు చూసేటప్పుడు కూడా అంతకంటే ఎక్కువసేపు ఆలోచిస్తుంది.

గురువారం దాసప్ప స్టాంపులు తీయడానికి కూర్చుంది. నలభై రెండు. ఎక్కువ భాగం రైలింజన్లే. బొగ్గింజను, డీజిలింజను, వంతెన మీద పోయే ఇంజను. పని చేసే చోటే ప్రేమించే చోటు కావడం ఎంత అదృష్టమో అని అంతకుముందు చాలాసార్లు అనుకుంది కమలాక్షి. లాక్టోమీటరు బొమ్మతో ఏ దేశమూ స్టాంపు వేసిన పాపాన పోలేదు.

చిన్న పట్టకారుతో హింజి అంచు పట్టి మెల్లగా లేపాలి. నాలుకతో తడిపిన హింజి ఎప్పుడూ ఒక్కతీరుగా రాదు. నడుమ తడి ఎక్కువై జిగురు గడ్డ కడుతుంది, అంచుల్లో తడి తగలదు, లాగితే పేజీ కాగితం పొర కూడా లేస్తుంది. తన పేజీల్లోవీ, మిగతా అందరివీ అంతే. దాసప్పవి మాత్రం అట్లా లేవు. అంచు నుంచి అంచుదాకా ఒక్కటే పలుచన. పట్టకారు తగిలించగానే ఉల్లిపొరలాగా లేచి వచ్చాయి. పేజీ మీద మరకైనా మిగల్లేదు. అన్నీ తీశాక ఆ నాలుగు పేజీలూ ఎవరూ ఎప్పుడూ ఏమీ అంటించనట్టే ఉన్నాయి. మంచి రకం హింజీలు ఎవరో రైలు ప్రయాణికులు ఇచ్చి ఉంటారు, ఎక్కడివో అడగాలి అనుకుంది. తర్వాత, ఇక అడిగేది ఎట్లా అనుకుంది.

పోస్టు కార్డు రాయబోయింది. 'దాసప్పకు, క్షేమం. ప్లేగు కారణంగా' అన్నంతవరకు వచ్చి చింపేసింది. రెండోది 'అందరూ అనుకున్నందువల్ల' దగ్గర ఆగింది. మూడోది మొదలుపెట్టలేదు. శనివారం సాయంత్రం పాల సెంటరులో తనతో పనిచేసే యమునను ఆదివారం తన వంతు చూడమని అడిగి, తెల్లారి పుస్తకాన్నీ, స్టాంపుల పొట్లాన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కింది. ముఖాముఖి, తీర్మానం చూపించి చెప్పడం మర్యాద అని వెంకటమ్మతో అంది. కోడలు ప్లేగు ఊరికి పోతాండాదని వెంకటమ్మ వీధంతా వినబడేట్టు అంగలార్చింది. కుప్పంలో ప్లేగు లేదని ఎవరు చెప్పినా ఆమె వినే రకం కాదు.

పలమనేరు దాటాక సన్నటి తుంపర మొదలైంది. వి.కోట దారి పొడుగునా టమోటా తోటలూ, మల్బరీ తోటలూ తడిసి మెరుస్తున్నాయి. కిటికీ అద్దానికి తల ఆనించుకున్న కమలాక్షికి కునుకు పట్టింది. కునుకులో బస్సు నీళ్ల తట్ట మీద తేలుతూ పోతోంది. రోడ్డు కాగితం నుంచి విడిపోయినట్టుంది, చక్రాల కింద చప్పుడే లేదు. చెట్లూ, మైలురాళ్లూ, గొడుగేసుకుని నిలబడ్డ మనిషీ అన్నీ తమ చోట్ల నుంచి విడివడి మెల్లగా తిరుగుతున్నాయి. ఎవరూ ఎవరికీ అంటుకుని లేరు. ఎంత హాయిగా ఉందో అంత దిగులుగానూ ఉంది. కండక్టరు కుప్పం అని అరిచేసరికి మెలకువ వచ్చింది. తుంపర ఎప్పుడు ఆగిపోయిందో ఎండ కాస్తోంది.

ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుని రైల్వే క్వార్టర్సు దాకా నడిచింది. దాసప్ప ఆ పూట సెలవులో ఉన్నాడు. యాభై ఏళ్లు దాటిన బక్కపలచటి మనిషి, ఇంటి ముందు గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని బంతి మొక్కలకు పాదులు చేస్తున్నాడు. ఆమెను చూసి లేచి, చేతులు పంచెకు తుడుచుకుని, ఆమె సంచిలో అట్ట అంచు కనబడగానే ముఖమంతా వెలిగిపోయాడు.

"పుస్తకం మీరే మోసుకొస్తిరా అమ్మా."

భార్య చౌడమ్మ చాప వేసింది, బయట వసారాలో. లోపలికి రమ్మనలేదు. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. కూతురు పురిటికి వచ్చిందనీ, మగబిడ్డ పుట్టి ఇరవై రోజులైందనీ దాసప్ప చెప్పాడు. కమలాక్షి ఇదే సమయమని నోరు తెరిచేలోపే అతను పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"ఒక మాట సెప్తా, ఏమనుకోవద్దమ్మా. దీన్ని ఇంట్లోకి తేను. నాలుగు ఇండ్ల నాలికలు దీని మింద ఉండాయి. పసిబిడ్డ ఉండే ఇల్లు. ఈ పూటంతా ఎండలో పెట్టి తీస్తా."

కమలాక్షికి చురుక్కుమంది. పాల సెంటరులో రోజుకు పదిసార్లు సబ్బుతో చేతులు కడుక్కునే తన నాలుక గురించా ఈ మాట. ఆ రోషం ఎంతోసేపు నిలవలేదు. సంచిలో పొట్లం ఒకటి ఉందని గుర్తొచ్చి, ఎండ తగిలినట్టు ముఖం వేడెక్కింది. చౌడమ్మ గోడ మీద చేట బోర్లించి, దాని మీద పుస్తకం విప్పి, గాలికి ఎగరకుండా రెండు గులకరాళ్లు పెట్టింది.

ఈలోగా దాసప్ప వసారా మూల నుంచి రేకు డబ్బా తెచ్చి ఆమెకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఈ నెల పుస్తకంలో పెట్టడానికి దాచుకున్నవి చూపిస్తానన్నాడు. డబ్బా మూతలో తడి స్పాంజి ముక్క ఉంది. ఒక హింజి మడిచి, దాన్ని స్పాంజి మీద అట్లా ఆనించి, ఇట్లా తీసి, చెకొస్లొవేకియా ఇంజను వీపుకు అంటించాడు. ఒక్క క్షణం పని. అంచు నుంచి అంచుదాకా ఒకే తడి.

నాలుకతో తడపవా అని అడిగింది కమలాక్షి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"లేదమ్మా. టిక్కెట్ల గుమాస్తాలు ఏలు తడుపుకునేదానికి పెట్టుకుంటారే, ఆ స్పాంజి. పాతదైతే పారేస్తారు, నేను కడిగి తెచ్చుకుంటా. మొదుట్నించీ దీంతోనే. నా నాలిక తడి మీ అందరికీ యాల అనుకుంటి."

తల ఎత్తకుండా, రైలు టైము చెప్పినట్టు చెప్పాడు. చెప్పి ఇంకో హింజి తీసుకున్నాడు. ఎనిమిదేళ్లు, నెలకొక చుట్టు. ఆ పుస్తకంలో ఎవరి నాలుక గురించి తీర్మానం రాశారో ఆ నాలుక ఒక్కటే దాన్ని ఎప్పుడూ తాకలేదు. తాకితే ఏమనుకుంటారో అతనికి మొదటి రోజే తెలుసు. సిగ్గంటే ఏమిటో కమలాక్షికి ఆ వసారాలో తెలిసింది. పొట్లం తీసి ముందు పెట్టాలని చెయ్యి సంచిలోకి పోయింది, అక్కడే ఉండిపోయింది.

గాలికి రాయి జారి పేజీలు రెపరెపలాడాయి. దాసప్ప లేచి పోయి, అన్నిటికీ ఎండ తగలాలి గదా అని ఒక్కొక్క పేజీ తిప్పసాగాడు. తన పేజీల దగ్గర ఆగాడు. నాలుగూ ఖాళీ. ఒకసారి వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు. చౌడమ్మ కాఫీ గ్లాసు తెచ్చి, తాగుతారా అని అడిగి, కమలాక్షి చెయ్యి చాపాకే ఇచ్చింది. దాసప్ప పుస్తకం చివరి పేజీలకు పోయాడు. ఎండలో నిలబడి చదివాడు. చదవడం అయిపోయాక కూడా చాలాసేపు ఆ పేజీ మీదే కళ్లుంచాడు. లోపల బిడ్డ ఏడుపు మాని నిద్రపోయినట్టుంది. స్టేషన్లో గూడ్సు బండి ఒకటి ఆగకుండా పోయింది.

"నాలుగే గీతలు కొట్టినారే అమ్మా" అన్నాడు చివరికి.

"నాలుగోది నాదే" అంది కమలాక్షి.

"సూస్తిని." పుస్తకం మీది రాయిని కాస్త పక్కకు జరిపాడు. "నన్నడిగింటే నేనే సెప్పుందును గదా. రెండు మూడు నెలలు మా ఇంటికి పంపొద్దండి అని. పసిబిడ్డను ఇంట్లో పెట్టుకుని నాకు మాత్రం బయం ఉండదా? అదే మాట కార్డు రాద్దామనుకుంటానే ఉండాను, ఈలోపల మీరొస్తిరి. అడగాల గదమ్మా."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే కమలాక్షికి తేలికగా ఉండేది. భయం అతనికీ ఉంది, తమకంటే ఎక్కువే ఉంది. దాన్ని అతను పుస్తకం చేతిలోకి తీసుకుంటూనే ఆమె ముఖం మీద చెప్పి, ఏమనుకోవద్దన్నాడు. మూడూళ్లు తిరిగి నాలుగు సంతకాలు పోగుచేసి తాము రాసుకున్నది కూడా ఆ మాటే. కాకపోతే అతనికి తప్ప అందరికీ చెప్పుకున్నారు.

కమలాక్షి లేచింది. కాఫీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టి, పొట్లం తీసి దాసప్ప డబ్బా పక్కన ఉంచింది. సంచిలోంచి పెన్ను తీసుకుని గోడ దగ్గరికి పోయి, నాలుగో గీత మీది తన సంతకాన్ని కొట్టేసింది. మిగతా మూడింటి జోలికి పోలేదు, అవి వాళ్లవి. కింద ఖాళీ ఉన్నచోట పెన్ను ఆనించి నిలబడింది.

"నువ్వు సెప్పన్నా, నేను రాస్తా."

దాసప్ప కాసేపు బంతి పాదుల వైపు చూశాడు. తర్వాత ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పాడు. ఆమె ఒక్క అక్షరం మార్చకుండా రాసింది. 'కుప్పంలో దాసప్ప ఇంట పసిబిడ్డ ఉండాది. బిడ్డకు మూడో నెల వచ్చేదాకా పుస్తకం ఈడికి రావద్దని దాసప్ప కోరుతాండాడు. మూడో నెల వస్తానే కార్డు రాస్తాడు, అప్పుడు పంపాల. ఆయప్ప పేజీలు ఆయప్పవే.'

స్కేలు లేదు. అగ్గిపెట్టె అంచు పెట్టి అయిదు గీతలు గీసింది. మొదటి గీత మీద దాసప్ప పెట్టాడు. పొడి అక్షరాలతో, రైల్వే రిజిస్టరులో పెట్టినంత జాగ్రత్తగా. రెండో గీత మీద కమలాక్షి పెట్టింది.

తర్వాత ఇద్దరూ వసారాలో కూర్చుని నలభై రెండు స్టాంపులూ మళ్లీ అంటించారు. మొదటి హింజి అలవాటుగా ఆమె నోటి దాకా పోయింది. దాసప్ప డబ్బా మూత ఆమె వైపు జరిపాడు. మొదట నాలుగైదింటికి తడి ఎక్కువైంది. కొంచెం ఆనిస్తే చాలమ్మా, ఒత్తొద్దు అని అతను చెబితే పదో దానికి చెయ్యి కుదిరింది. బొగ్గింజను, డీజిలింజను, వంతెన మీద పోయే ఇంజను వరసగా తమ తమ చోట్లకు చేరుకుంటుంటే ఒంటిగంట బస్సు పోయింది, మూడింటి బస్సు కూడా పోయింది. మధ్యలో బిడ్డ లేస్తే చౌడమ్మ ఎత్తుకుని గడప దగ్గరికి తెచ్చి, దూరం నుంచే చూపించింది. కమలాక్షి కూడా దూరం నుంచే చూసి, ముక్కు తల్లిదా అని అడిగింది.

అయిదింటి బస్సులో సీటు దొరికింది. కుప్పం తర్వాత పుస్తకం మదనపల్లె పోవాలి. ఎప్పుడూ రిజిస్టరు పోస్టులో పోతుంది. ఈసారి తనే తీసుకుపోవాలనుకుంది, రేపే, పొద్దుటి పాలు కాగానే. వెంకటరమణప్ప అంగడి పది గంటలకు తీస్తాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, వెనక పేజీ తిప్పి చూపించి, ఆయన చదివేంతసేపూ ఎదురుగా నిలబడి ఉండాలి.